విదేశీ షేర్ బజారు వేళలు, సెలవులు – మనం తెలుసుకోవలసినవి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించో, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించో మాట్లాడవలసిన వేదికమీద అమెరికా షేర్ బజారు ప్రసక్తి ఎందుకని కొందరు అనుకోవచ్చు. ఈ విషయం మాట్లాడమని కార్యదర్శిగారే నాకు పురమాయించారు. లైఫ్ సర్టిఫికెట్టు పనిమీద సంఘం ఆఫీసుకు వచ్చే సభ్యులు ఈమధ్య అడుగుతున్న ప్రశ్నలలో ఇదొకటి చేరింది. ఒక సోదరుడు వచ్చి, "గురువుగారూ, మా మనవడు నా ఫోనులో అమెరికా కంపెనీ వాటాలు కొనిపెట్టాడు. పొద్దున్న పదకొండింటికి అమ్మమని నొక్కాను. సాయంత్రం దాకా ఉలుకూ లేదు, పలుకూ లేదు. డబ్బు పోయినట్టేనా?" అని అడిగారు. డబ్బు ఎక్కడికీ పోలేదు. ఆయన నొక్కిన వేళకు న్యూయార్కులో అర్ధరాత్రి దాటింది. అక్కడ ఆఫీసు మూసి ఉంది.

ఈ చిన్న సంగతి తెలియక కంగారుపడేవారు కొందరు. అవసరానికి సొంత డబ్బు చేతికందక ఇబ్బందిపడేవారు కొందరు. దొంగల చేతిలో రిటైర్మెంటు సొమ్ము పోగొట్టుకునేవారు మరికొందరు. అందుచేత నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను షేర్ల నిపుణుణ్ణి కాను. ఏ కంపెనీ వాటా కొనాలో, ఏది కొనరాదో చెప్పే విద్య నాకు లేదు. గుమాస్తాగా పనిచేసినవాడికి తెలిసినవి మూడే. ఆఫీసు ఎప్పుడు తెరుస్తారు, ఏయే రోజులు మూస్తారు, ఇచ్చిన కాగితం ఎన్నాళ్లకు తేలుతుంది. షేర్ బజారు విషయంలో కూడా ఈ మూడు ప్రశ్నలే అడగాలి.

బజారు అంటే ఏమిటి?

మన జంగారెడ్డిగూడెంలో పొగాకు బోర్డువారి వేలం కేంద్రాలు అందరికీ తెలిసినవే. వర్జీనియా పొగాకు పండించిన రైతు బేళ్లు కట్టి, వేలం ఉన్న రోజునే తీసుకువెళతాడు. అర్ధరాత్రి వెళ్లి గేటు కొట్టడు. వేలం లేని రోజున బండి కట్టడు. వేలంలో ఎవరూ పాడకపోతే 'నో బిడ్' అని రాస్తారు, బేలు ఇంటికి తిరిగివస్తుంది. దాంతో బేలు పోయినట్టు కాదు, ఆ రోజు కొనేవాడు దొరకలేదంతే.

స్టాక్ ఎక్స్ఛేంజి కూడా ఇలాంటి వేలం కేంద్రమే. కొనేవారు, అమ్మేవారు ఒకే వేళకు కూడే చోటు. ఫోను మన చేతిలో ఇరవైనాలుగు గంటలూ వెలుగుతూ ఉంటుంది కనుక బజారు కూడా ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంటుందని భ్రమపడతాం. ఫోను తపాలా డబ్బా వంటిది. ఉత్తరం ఎప్పుడైనా వేయవచ్చు, కానీ తపాలా బంట్రోతు వచ్చాకే అది కదులుతుంది.

వేళలు

మన బొంబాయిలోని రెండు ఎక్స్ఛేంజీలు, బి.ఎస్.ఇ., ఎన్.ఎస్.ఇ., ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు పనిచేస్తాయి. న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజి, నాస్డాక్ అక్కడి కాలమానం ప్రకారం ఉదయం 9.30 నుంచి సాయంత్రం 4 వరకు పనిచేస్తాయి. మన గడియారంలో అది వేసవిలో రాత్రి 7 నుంచి 1.30 వరకు, చలికాలంలో రాత్రి 8 నుంచి 2.30 వరకు.

ఈ గంట తేడా ఎందుకు వస్తుంది? అమెరికావారు ఏటా మార్చి రెండవ ఆదివారం నాడు గడియారాలు గంట ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం నాడు వెనక్కు తిప్పుతారు. 2007 నుంచి ఈ తేదీలే అమలులో ఉన్నాయి. మనం గడియారం తిప్పము. కాబట్టి అక్కడి మార్పు ఇక్కడ వేళ మార్పుగా కనబడుతుంది. లండనువారు కూడా తిప్పుతారు, కానీ మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. లండను బజారు మనకు వేసవిలో మధ్యాహ్నం 12.30కు, చలికాలంలో 1.30కు తెరుచుకుంటుంది.

టోక్యో బజారు మనకు తెల్లవారుజామున 5.30కే మొదలై, మధ్యలో గంటసేపు భోజన విరామం ఇచ్చి, మన మధ్యాహ్నం 12 గంటలకు ముగుస్తుంది. 2024 నవంబరులో వారు చివర అరగంట పెంచారు. హాంగ్‌కాంగువారికి కూడా భోజన విరామం ఉంది. బంట్రోతును పంపి టీ తెప్పించుకున్న మనకు ఈ పద్ధతి వింతేమీ కాదు.

ఇంకొక మాట. కాలిఫోర్నియాలో ఉన్న అబ్బాయి బజారు ఉదయం 6.30కు తెరుస్తారంటాడు. న్యూజెర్సీలో ఉన్న అమ్మాయి 9.30కు అంటుంది. ఇద్దరూ చెప్పేది ఒకే క్షణం. ఆ దేశంలోనే మూడు గంటల తేడా ఉంది.

అక్కడి పిల్లలు మన దేశపు షేర్లు అమ్మదలచుకుంటే లెక్క తిరగబడుతుంది. మన సోమవారం ఉదయం 9.15 అంటే న్యూయార్కులో వేసవిలో ఆదివారం రాత్రి 11.45. వారి శుక్రవారం రాత్రి మనకు శనివారం, బజారు మూత. కాబట్టి వారి పనివారం ఆదివారం రాత్రితో మొదలై గురువారం రాత్రితో ముగుస్తుంది. "నాన్నా, శుక్రవారం రాత్రి తీరిగ్గా చూసి అమ్ముతాను" అనే అబ్బాయికి ఈ సంగతి చెప్పండి.

మామూలు వేళలకు ముందూ వెనుకా కూడా అమెరికాలో కొంత వ్యాపారం జరుగుతుంది. ఆ వేళల్లో కొనేవారు, అమ్మేవారు తక్కువ. సంత విడిచాక మిగిలిన కూరగాయల బేరంలాంటిది. ధర ఎటుపడితే అటు పోతుంది. మన వయసువారు ఆ జోలికి వెళ్లనవసరం లేదు.

రెండు గడియారాల మధ్య సత్యం

వేళల తేడావల్ల ఏం జరుగుతుందో చెప్పడానికి మన ప్రాంతానికి దగ్గరి ఉదాహరణే ఉంది. భీమవరం ప్రాంతానికి చెందిన రామలింగరాజుగారు 1987లో హైదరాబాదులో స్థాపించిన సత్యం కంప్యూటర్స్ సంగతి మీకు తెలుసు. ఆ కంపెనీ వాటాలు బొంబాయిలోనూ, వాటి బదులు పత్రాలు 2001 నుంచి న్యూయార్కు ఎక్స్ఛేంజిలోనూ నడిచేవి. ఒకే కంపెనీకి రెండు బజార్లు, రెండు సెలవుల పట్టికలు.

2008 డిసెంబరు 16న మన బజారు మూసిన తరువాత, మేటాస్ పేరుగల రెండు కుటుంబ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. మన దగ్గర ఆ సాయంత్రం ఎవరూ అమ్మడానికి లేదు. మన రాత్రి 8 గంటలకు న్యూయార్కు తెరుచుకుంది. అక్కడివారు ఎడాపెడా అమ్మేశారు. ఆ ఒక్క పూటలో అక్కడి పత్రం ధర సగానికి పైగా పడిపోయింది. తెల్లవారేసరికి కంపెనీ ఆ నిర్ణయం విరమించుకుంది. ఆ రోజుల్లో మన బజారు 9.55కు తెరిచేవారు. అయినా 17వ తేదీన 226 రూపాయల వాటా 158కి దిగిపోయింది. మనవారు నిద్రపోతున్న వేళలోనే ధర నిర్ణయమైపోయింది.

తరువాత 2009 జనవరి 7, బుధవారం. లెక్కలు తారుమారు చేశానని ఛైర్మన్ రాసిన ఉత్తరం మన బజారు నడుస్తున్న వేళ బయటపడింది. 179 రూపాయల వాటా ఆ రోజే 40 రూపాయల లోపుకు వచ్చింది. ఈసారి నిద్రలో ఉన్నవారు అమెరికావారు. వారి బజారు తెరిచేలోపే ఎక్స్ఛేంజివారు ఆ పత్రం వ్యాపారం ఆపివేశారు. 8వ తేదీ గురువారం మొహర్రం, మన బజారుకు సెలవు. 9న ఇక్కడ తెరిచారు, అక్కడ ఆపే ఉంచారు. 12వ తేదీ సోమవారం నాడు న్యూయార్కులో మళ్లీ మొదలుపెడితే, తొమ్మిది డాలర్ల పైనున్న పత్రం రెండు డాలర్ల లోపుకు పడిపోయింది. మధ్యలో మూడు పనిదినాలు అక్కడివారు అమ్ముకోవడానికి కూడా వీలు లేకపోయింది.

దీనినిబట్టి తెలిసేదేమిటంటే, వార్తకు సెలవు లేదు, బజారుకు ఉంది. పరదేశపు బజారులో డబ్బు పెట్టినవాడు ఏ వార్త వచ్చినా, ఆ బజారు గేటు తెరిచేవరకు ఆగవలసిందే. ఆగలేని డబ్బు అక్కడ పెట్టకూడదు.

సెలవులు

మనకు ఏటా ప్రభుత్వం సాధారణ సెలవులు, ఐచ్ఛిక సెలవులు జి.ఓ. రూపంలో ఇచ్చేది. ఆ కాగితం గోడకు అంటించి ఉంచేవాళ్లం. అమెరికా షేర్ బజారువారికి ఏడాదికి పది సెలవులు. రాసుకునేవారు రాసుకోండి.

జనవరి 1. జనవరి మూడవ సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ జయంతి. ఫిబ్రవరి మూడవ సోమవారం వాషింగ్టన్ జయంతి. గుడ్ ఫ్రైడే. మే చివరి సోమవారం అమరసైనికుల స్మారక దినం. జూన్ 19 బానిసత్వ విముక్తి దినం, ఇది బజారుకు 2022 నుంచే సెలవు. జూలై 4 స్వాతంత్ర్య దినం. సెప్టెంబరు మొదటి సోమవారం కార్మిక దినం. నవంబరు నాలుగవ గురువారం థాంక్స్‌గివింగ్ పండుగ. డిసెంబరు 25 క్రిస్మస్.

మన పండుగ ఆదివారం వస్తే ఒక సెలవు పోయిందని ఆఫీసులో నిట్టూర్చేవాళ్లం. వారికి ఆ బాధ తక్కువ. సెలవు ఆదివారం వస్తే సోమవారం ఇస్తారు, శనివారం వస్తే సాధారణంగా ముందు శుక్రవారం ఇస్తారు. 2026లో జూలై 4 శనివారం కాబట్టి 3వ తేదీ శుక్రవారం బజారు సెలవు. థాంక్స్‌గివింగ్ మరునాడు ఒంటిపూట బడి. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకే, అంటే మన రాత్రి 11.30కే మూసేస్తారు.

అక్కడ బ్యాంకు సెలవులు వేరు, బజారు సెలవులు వేరు. అక్టోబరు రెండవ సోమవారం కొలంబస్ దినానికి, నవంబరు 11 మాజీ సైనికుల దినానికి బ్యాంకులు మూస్తారు, షేర్ బజారు పనిచేస్తుంది. గుడ్ ఫ్రైడేకు బజారు మూత, బ్యాంకులు పనిచేస్తాయి. వాటా అమ్మడం ఒక ఆఫీసు పని, డబ్బు పంపడం మరొక ఆఫీసు పని అని గమనించగలరు.

మన బొంబాయి పట్టిక కూడా మన ఊరి పట్టిక కాదు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ గోదావరి జిల్లాలవారంతా పిండివంటలు, కోడిపందేల సందడిలో ఉంటే, బొంబాయి బజారు మామూలుగా పనిచేస్తూ ఉంటుంది. మే 1న మహారాష్ట్ర దినమని అక్కడ మూస్తారు. దీపావళినాడు సెలవు అయినా ముహూర్తపు వ్యాపారమని గంటసేపు తెరుస్తారు.

పట్టికలో లేని సెలవులూ వస్తాయి. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత న్యూయార్కు బజారు 17వ తేదీ వరకు తెరవలేదు. 2012 అక్టోబరు 29, 30 తేదీల్లో శాండీ తుపానువల్ల మూసివేశారు. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతాప సూచకంగా 2025 జనవరి 9న మూశారు. మన దేశంలో 2024 జనవరి 22న అయోధ్య ఉత్సవం సందర్భంగా సెలవు ప్రకటించి, ముందు శనివారం 20న బజారు నడిపారు. కనుక ఏటా జనవరిలో పట్టిక రాసుకోవడంతో పాటు, పని పడిన రోజున మరొకసారి సరిచూసుకోవాలి.

డబ్బు ఎప్పుడు చేతికి వస్తుంది?

మన వయసువారికి అసలు ప్రశ్న ఇదే. వాటా అమ్మిన మరుసటి పనిదినానికి లెక్క తేలుతుంది. మన దేశంలో 2023 జనవరి నుంచి, అమెరికాలో 2024 మే 28 నుంచి ఈ పద్ధతి పూర్తిగా అమలులో ఉంది. 'పనిదినం' అన్న మాట కింద గీత గీసుకోండి.

2026 నవంబరు క్యాలెండరు తీసి చూడండి. ఇంట్లో ఒకరికి ఆపరేషను అవసరమై, 25వ తేదీ బుధవారం రాత్రి అమెరికా వాటాలు అమ్మారనుకుందాం. 26 గురువారం థాంక్స్‌గివింగ్. లెక్క తేలేది 27 శుక్రవారం. 28 శనివారం, 29 ఆదివారం అక్కడ మూత. ఇక్కడ కూడా 28 నాలుగవ శనివారం, బ్యాంకు సెలవు. 30 సోమవారం అక్కడి బ్యాంకు డాలర్లు పంపితే, ఇక్కడి బ్యాంకు వాటిని రూపాయలు చేసి ఖాతాలో వేసేసరికి డిసెంబరు మొదటి రెండు మూడు రోజులు అవుతుంది. ఎవరూ తప్పు చేయలేదు. అందరూ తమ తమ సెలవులు వాడుకున్నారు. వారం గడిచింది. ఏలూరు ఆసుపత్రిలో కౌంటరు దగ్గర నిలబడినవారికి ఈ క్యాలెండరు చెప్పి ప్రయోజనం లేదు.

మ్యూచువల్ ఫండ్ ద్వారా విదేశీ వాటాలు ఉన్నవారు కూడా గమనించాలి. అటువంటి ఫండ్లకు సొమ్ము తిరిగి ఇవ్వడానికి సెబీ అయిదు పనిదినాల వరకు గడువిచ్చింది. దేశీయ ఫండ్లకు గడువు మూడు రోజులు. కొన్ని పథకాలు అమెరికా సెలవును తమకూ సెలవుగానే లెక్కిస్తాయి. పథకం పత్రంలో చదువుకోవాలి.

తేదీల తకరారు ఒకటుంది. మార్చి 31 రాత్రి పన్నెండు దాటాక మీరు అమ్మితే మనకు ఏప్రిల్ 1, కానీ న్యూయార్కు కాగితంమీద మార్చి 31 అనే ఉంటుంది. విదేశీ వాటాలు నేరుగా ఉన్నవారు ఆదాయపు పన్ను రిటర్నులో వాటిని చూపాలి. ఆ పట్టిక మన ఆర్థిక సంవత్సరం ప్రకారం కాక, జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్కతో నింపాలి. మనలో చాలామంది వేసే సహజ్ ఫారం వారికి పనికిరాదు. ఆడిటరును అడగండి. అవతలి కాగితాలన్నీ తేదీల వరుసన దాచండి.

దొంగను పట్టే క్యాలెండరు

చివరి సంగతి అన్నిటికంటె ముఖ్యమైనది. వాట్సాప్ గుంపుల్లో చేర్చి, విదేశీ షేర్లలో లాభాలని చెప్పి, ఒక యాప్ ఫోనులో వేయించి, తెరమీద లక్షలు చూపించి, పెద్దవారి సొమ్ము కాజేసే ముఠాలున్నాయి. వారు చూపించే అంకెలు ఉత్త బొమ్మలు. వాటిని కనిపెట్టడానికి ఇంగ్లీషు రానక్కరలేదు. సెలవుల పట్టిక చాలు.

ఆదివారం మధ్యాహ్నం ఆ యాప్ తెరవండి. న్యూయార్కులో షేర్ బజారు మూసి ఉన్న వేళ అది. క్రిస్మస్ రోజున తెరవండి. అప్పుడు కూడా మీ అమెరికా షేర్ల ధర నిమిషనిమిషానికి పెరుగుతూ, లాభం చేరుతూ ఉంటే, అది బజారు కాదు. మూసిన వేలం కేంద్రంలో బేళ్లు అమ్ముడవుతున్నాయని చెప్పేవాడిని మన రైతు నమ్ముతాడా?

రెండవ పరీక్ష డబ్బు వెళ్లే దారి. నిజంగా విదేశీ షేర్లకు డబ్బు వెళ్లాలంటే రిజర్వు బ్యాంకు 2004లో తెచ్చిన ఎల్.ఆర్.ఎస్. పథకం కింద, మీ పాన్ నంబరుతో, ఎ–2 ఫారంతో బ్యాంకు ద్వారానే వెళ్లాలి. ఏడాదికి ఒక మనిషికి 2,50,000 డాలర్లు పరిమితి. 10 లక్షల రూపాయలు దాటిన భాగంమీద 20 శాతం పన్ను ముందుగా వసూలు చేస్తారు, దానిని రిటర్నులో సర్దుకోవచ్చు. ఎవరో వ్యక్తి పేరుమీది ఖాతాకు ఫోనులో డబ్బు వేయమన్నారంటే అది అమెరికాకు పోదు, ఆ వ్యక్తి జేబులోకి పోతుంది. అప్పు తీసుకుని పదింతలు వ్యాపారం చేయిస్తామంటే అసలే నమ్మవద్దు. విదేశీ ఎక్స్ఛేంజీలకు మార్జిను సొమ్ము పంపడానికి ఈ పథకంలో అనుమతి లేదు.

మోసం జరిగిందని అనుమానం రాగానే 1930 నంబరుకు ఫోను చేయండి. పరువు పోతుందని దాచవద్దు. ఎంత త్వరగా చెబితే సొమ్మును అంత దూరం పోకుండా ఆపే వీలుంటుంది. ఇక్కడ మాత్రం 'రేపు చూద్దాం' పనికిరాదు.

క్లుప్తంగా

ఒకటి, ఏ బజారులో డబ్బు ఉందో ఆ బజారు వేళలు, సెలవులు ఒక కాగితంమీద రాసి బీరువా తలుపుకు అంటించండి. మార్చి, నవంబరు నెలల్లో గంట మార్పు గుర్తుంచుకోండి.

రెండు, మూసి ఉన్న వేళ అమ్మకం ఆర్డరు పెట్టవలసివస్తే, ఇంత ధరకు తక్కువైతే అమ్మవద్దని ధర రాసి పెట్టండి. అమ్ముడవకపోతే బేలు ఇంటికి వస్తుంది. ధర రాయకపోతే తెల్లారేసరికి ఎంతకు పోయిందో అప్పుడు తెలుస్తుంది.

మూడు, వైద్యానికి, పెళ్లికి, ఫీజులకు కావలసిన డబ్బు మన ఊరి బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉంచండి. ఏడాదిదాకా అవసరం పడదని నిశ్చయంగా తెలిసిన డబ్బు మాత్రమే పరదేశపు క్యాలెండరుకు అప్పగించండి.

నాలుగు, మీ పేర ఏ వాటాలున్నాయో, ఏ యాప్‌లో ఉన్నాయో భార్యకో భర్తకో, పిల్లలకో రాసి ఇవ్వండి. నామినీ పేరు సరిచూడండి. రాత్రి ఎనిమిదింటికి తెరిచే ఆఫీసు ఒకటుందని ఇంట్లో మీ ఒక్కరికే తెలిస్తే చాలదు.

అయిదు, రాత్రి 2.30 దాకా మేలుకుని ధరలు చూడవద్దు. రక్తపోటు మాత్రలకు అయ్యే ఖర్చు ఏ లాభంలోనూ రాదు.